తలుపు దగ్గర నిలబడ్డ మాట

మూడో తరగతి. అరవై నాలుగు మంది పిల్లలు,
నలభై మందికి సరిపడే బల్లలు.
కిటికీ బయట పంగాని నది
సముద్రంలో కలిసే చోట పంటు కూత.

విశేషణం అంటే ఏమిటో
నిన్న బోర్డు మీద రాస్తే
గది నిండా ఆవలింతలు.
అందుకని ఇవాళ సుద్దముక్క జేబులోనే ఉంచి
మ్వనహమీసిని లేపాను.
"నువ్వు కుబ్వా. అంటే పెద్ద అన్నమాట.
పోయి తలుపు బయట నిలబడు.
నీకు తల లేదు.
పేరున్న వాళ్ళెవరైనా పిలిచి
వాళ్ళ టోపీలో ముక్క నీకు తొడిగితేగాని
లోపలికి రాకూడదు."

మా స్వాహిలీలో అంతే.
పేరు ముందు నడుస్తుంది, గుణం వెనకాల.
వెనక నడిచేదానికి సొంత బట్టలుండవు,
ముందున్నవాళ్ళు ఏది కట్టబెడితే అదే.

షెకువే చేతులు చాపి చెట్టయ్యాడు: మ్తి.
"మ్కుబ్వా!" అంటూ గడప దూకింది.
జుంబే బుట్ట బోర్లించుకున్నాడు: కికాపు.
"కికుబ్వా!"
మామిడిపళ్ళు ఐదుగురు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లుతూ
"మకుబ్వా! మకుబ్వా!"
పక్క గది మాస్టారు గోడ మీద రెండుసార్లు కొట్టాడు.
నేను ఒకసారి తిరిగి కొట్టాను.

రెండో ఆట సంచిది.
మా మేనత్త పాత కాంగా గుడ్డతో కుట్టింది.
ఇంటి నుంచి తెచ్చిన వస్తువు అందులో వెయ్యాలి,
కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి
పేరు చెప్పకుండా గుణం చెప్పాలి.
టైరు చెప్పుకి "గరుకు",
కలబంద నార తాడుకి "మొండి".
ఎండబెట్టిన ఆక్టోపస్ కాలు తగిలి
సౌదా పెట్టిన కేకకి మాటే దొరకలేదు,
కేకనే విశేషణంగా ఒప్పుకున్నాం.

కిబ్వానా ఏమీ తేలేదు.
వాడెప్పుడూ ఏమీ తేడు, పెన్సిలుతో సహా.
దాటి వెళ్ళిపోతుంటే సంచి లాక్కున్నాడు,
ఉన్నవన్నీ బల్ల మీద గుమ్మరించి
మోచేతి దాకా చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని
"తూపు" అన్నాడు.
ఖాళీ.

"ఏది ఖాళీ? టోపీ ఏది దానికి?"
"మ్ఫూకో మ్తూపు." సంచి.
"కికాపు కితూపు." బుట్ట.
"మికోనో మితూపు." రెండు చేతులూ తిప్పి చూపించాడు.
ఒక్క తప్పు లేదు.
అంటే ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నాడు.
"న్యుంబా..."
ఇల్లు. ఆగాడు.
"న్యుంబా తూపు."

ఆ ఒక్కచోట టోపీ ఉండదు.
ఇల్లనే మాట ఈ మాటకి ఏదీ తొడగదు,
ఖాళీ బోడితలతోనే వెనక నిలబడుతుంది.
ఇరవై రెండేళ్ళుగా ఈ సూత్రం చెప్తున్నాను,
వినడం ఇదే మొదలు.

ఎవరో నవ్వబోయి మానేశారు.
జుంబే బల్ల మీది మామిడికాయ తీసి
సంచిలో పడేశాడు.
"ఇప్పుడు చెప్పు."
కిబ్వానా చాలాసేపు తడిమాడు.
"బరువు," అన్నాడు.
"ఇంకా పండలేదు."
పండలేదన్నది విశేషణమా కాదా అని
వెనక బల్లల్లో తగువు మొదలైంది.
గంట కొట్టినా తెగలేదు.

రాత్రి రిపోర్టు కార్డులు ముందేసుకున్నాను.
చివరి గడిలో సరిగ్గా ఒక్క మాట పడుతుంది.
పోయినసారి వాడికి "మ్వీవు" అని రాశాను. బద్ధకస్థుడు.
మనిషికి తొడగవలసిన టోపీ తొడిగే రాశాను,
వ్యాకరణ దోషం ఏమీ లేదు.

అరవై మూడు అయ్యాయి.
"శ్రద్ధ గల" పదకొండు, "మంచి" ఎన్నో లెక్కపెట్టలేదు.
కరెంటు పోయి వచ్చింది.
అవతలి ఒడ్డున ఆఖరి పంటు ఆగింది.
కిబ్వానా అని పేరు రాసి
దాని వెనక చోటు వదిలాను.
రావలసిన మాట ఇంకా బయటే ఉంది,
లోపలికి పిలవాల్సింది వాడు.
నేను కాదు.